రెండో రక్తం

మూ దీవి లైట్‌హౌస్
12 మార్చి 2005

మియెన్,

చేరాను. దారంతా కడుపులో ఏదీ నిలవలేదు. అది మామూలే అనుకో. ఎన్నో ఏళ్ళుగా ఈ దీపం కాస్తున్న వుంగ్ పెద్దాయనకే ఇంకా సముద్రం పడదు, నేనెంత.

తేదీ చూసి ఇది ఈ రోజే రాశాననుకోకు. రాయడం మొదలుపెట్టి రెండు వారాలైంది. ఉత్తరం పడవెక్కే రోజునే పైన తేదీ వెయ్యాలని పెద్దాయన పెట్టిన పద్ధతి. పాత తేదీ చూస్తే ఇంట్లో వాళ్ళు "ఇన్నాళ్ళూ ఏమయ్యాడో" అని దిగులు పడతారట. పడవ నెలకొక్కసారి వస్తుంది. సముద్రం బాగుంటే గంటసేపు ఆగుతుంది కాబట్టి, వచ్చిన ఉత్తరాలు చదివి చివర నాలుగు ముక్కలు చేర్చుకోవచ్చు. బాగాలేకపోతే కొండ మీంచి బుట్ట దించుతాం, బుట్ట లాగుతాం, అంతే. మన కాగితం కిందికి పోయాకే వాళ్ళ కాగితం పైకొస్తుంది.

రేడియోలో మాట్లాడొచ్చు కదా అని మళ్ళీ అడగొద్దు. వాతావరణం, దీపం సంగతి తప్ప ఇంటి మాటలు కుదరవు. పైగా చుట్టుపక్కల చేపల పడవలన్నీ చెవులు నిక్కించుకుని వింటాయి. పోయినేడు ఒకతను తన భార్య ప్రసవించిన కబురు రేడియోలో విన్నాడు. ఆ తర్వాత మూడు నెలలు, ముక్కూమొహం తెలియని బెస్తవాళ్ళందరూ "పాప పాలు తాగుతోందా బాబాయ్" అని అడుగుతూనే ఉన్నారు.

ఇక్కడ మేం ముగ్గురం, ఒక మేక. మేక నా చొక్కా బొత్తాలు రెండు తినేసింది. అమ్మతో గొడవ పడకు. ఆమె అరిచినప్పుడు నువ్వు కుట్టుమిషన్ తొక్కు, వినబడదు.

మీ ఇంటాయన,
లువాన్

హాయ్‌ఫాంగ్
30 మార్చి 2005

బావా,

మీ అమ్మ అరుపు కుట్టుమిషన్‌కు లొంగేది కాదు. మా బూట్ల ఫ్యాక్టరీలో రెండొందల మిషన్లు ఒక్కసారి తిరిగినా ఆవిడ గొంతు పైకి తేలుతుంది.

ఇంకో సంగతి చెప్పాలి. నాలుగేళ్ళ నుంచి మనం అనుకుంటూ, అనుకోవడం కూడా మానేసిన సంగతే. నువ్వు పండక్కి వచ్చి వెళ్ళావు కదా, ఆ తర్వాత నాకు నెల తప్పింది. రెండుసార్లు చూయించుకున్నాను, నిజమే. నీకు రేడియోలో చెప్పనందుకు సంతోషించు. లేకపోతే ఈపాటికి సముద్రం మీద సగం మంది మన బిడ్డకు పేర్లు వెతుకుతూ ఉండేవాళ్ళు.

అత్తయ్యకు చెప్పాను. లోపలికి వెళ్ళి మీ అన్నయ్య ఫోటో ముందు అగరొత్తులు వెలిగించి చాలాసేపు నిలబడింది. బయటికొచ్చి, "ఎవరితోనూ అనకు, మూడు నెలలు దాటనీ" అని, సాయంత్రానికల్లా వీధి వీధంతా తనే చెప్పేసింది.

ఇప్పుడు తగువు. ఫ్యాక్టరీలో జిగురు వాసన బిడ్డకు మంచిది కాదని, పని మానేసి పల్లెలో వాళ్ళక్క ఇంట్లో ఉండమంటుంది. అక్కడ బాతులు తప్ప నాతో మాట్లాడేవాళ్ళెవరు బావా. పని మానేస్తే మళ్ళీ తీసుకోరు కూడా. నేను వెళ్ళనన్నాను. ఆవిడ రెండు రోజులు అన్నం గిన్నె నా ముందు కాస్త గట్టిగా పెట్టింది. నువ్వేమంటావో రాయి. అటూ ఇటూ కాకుండా ఒక్క మాటగా రాయి. నువ్వు ఎలా అంటే అలా.

కడుపులో తిప్పుతోంది, కాబట్టి నువ్వు పడవలో పడే బాధ ఇప్పుడు నాకు తెలుసు.

మియెన్

మూ దీవి లైట్‌హౌస్
11 ఏప్రిల్ 2005

మియెన్, మియెన్,

సముద్రం అద్దంలా ఉంది. నీళ్ళ పీపాలు దింపుతుండగానే నీ ఉత్తరం చదివేశాను, మోకాలి మీద కాగితం పెట్టుకుని ఇది రాస్తున్నాను. ముందు రాసిన నాలుగు పేజీలు చించేశాను. వాటిలో మేక సంగతులే ఉన్నాయి.

పెద్దాయన నా మొహం చూసి "ఎవరన్నా పోయారా" అని అడిగాడు. నవ్వుతూ ఏడిస్తే నా మొహం అలా ఉంటుందట.

పల్లె సంగతి నిదానంగా ఆలోచించి వచ్చే పడవకు రాస్తాను. అదిగో తాడు విప్పుతున్నారు. బరువులు ఎత్తకు. సైకిల్ మీద వంతెన ఎక్కకు, దిగి నడిపించు. ఇంకా చాలా ఉంది.

లువాన్

హాయ్‌ఫాంగ్
2 మే 2005

బావా,

ఇది ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

ఏప్రిల్ పద్దెనిమిదిన ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి నా మెడ మీదా చేతుల మీదా ఎర్రగా పొక్కింది. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. పక్కింటి పిల్లలకు రెండు వారాల ముందు తట్టు పోసింది, వాళ్ళలో చిన్నది రోజూ నా ఒళ్ళో కూర్చునేది. అత్తయ్య నన్ను చూసి కిటికీలన్నీ మూసి, తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కింది. గాలి తగలకూడదు, నీళ్ళు తగలకూడదు. ఫ్యాను తీగ పీకేసింది. "అత్తయ్యా, ఉడికిపోతున్నాను" అంటే, "ఉడుకు. గాలి తగిలితే తట్టు లోపలికి పోతుంది" అంది. మూడో రోజుకే పొక్కులు పోయాయి, అయినా వారం దాటేదాకా గడప దాటనివ్వలేదు. చివర్న ముదిరిన కొత్తిమీర కాడలు మరిగించిన నీళ్ళతో తనే ఒళ్ళు తుడిచింది. ఆ వారమంతా ఆవిడ నా మంచం పక్కన నేల మీదే పడుకుంది బావా, అది కూడా రాయాలి.

తర్వాత ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ మండిపడింది. "పొక్కిన రోజే ఎందుకు రాలేదు? ఆ రోజు రక్తం దొరికి ఉంటే ఈ తిప్పలుండేవి కాదు" అంది. గాలి ఆపుతున్నాం అని చెబితే తల పట్టుకుంది. దీన్ని రుబెల్లా అంటారట. మామూలు మనుషులకు జలుబు పాటి జబ్బు. కడుపుతో ఉన్న వాళ్ళకు మొదటి నెలల్లో వస్తే బిడ్డ కళ్ళకు, చెవులకు, గుండెకు దెబ్బ. డాక్టరమ్మ ఈ మాట అనగానే అత్తయ్య కుర్చీలోంచి లేచింది. "కళ్ళలో తెల్లగా పువ్వు వేస్తుందా? పిలిస్తే పలకదా?" అని అడిగింది. అవునంది ఆవిడ. అత్తయ్య మళ్ళీ కూర్చుంది. మీ అన్నయ్య ఖోయి కడుపులో ఉండగా ఆవిడకూ తట్టు పోసిందట. బాంబుల భయానికి ఊళ్ళు పట్టి తిరుగుతున్న రోజులు, ఎవరూ పట్టించుకోలేదు. ఇన్నేళ్ళూ ఏదో చెడ్డ వేళ అనుకుందట. నలభై ఏళ్ళకు ఆసుపత్రి గదిలో తెలిసింది.

నా రక్తం తీశారు. ఈ జబ్బు తగిలితే రక్తంలో దాన్ని పట్టుకునే యాంటీబాడీలు పుడతాయట. రెండు రకాలు. ఒకటి కొత్తగా వచ్చి కొన్నాళ్ళుండి పోయేది, రెండోది జీవితాంతం ఉండిపోయేది. నా రక్తంలో రెండూ ఉన్నాయి. ఇంతటితో ఏదీ ఖాయంగా చెప్పలేనంది డాక్టరమ్మ. మళ్ళీ రెండు వారాలాగి రక్తం తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలట. ఎందుకో చాలాసేపు వివరంగా చెప్పింది. కానీ నేను ఆ తెల్ల పువ్వు మాట దగ్గరే ఆగిపోయాను, నా చెవులు పనిచెయ్యడం మానేశాయి. బయట వరండాలో అత్తయ్య అంది, "రెండు రకాలూ ఉన్నాయంటే రెండింతలు ఉన్నట్టే కదే" అని. నాకూ అలాగే అనిపించింది.

అత్తయ్య కడుపు తీయించెయ్యమంటుంది. కోపంగా కాదు, బతిమాలుతూ. "వాడు నన్ను ఒక్కసారి చూడలేదు. పన్నెండేళ్ళు పిలిచాను, ఒక్కసారి వినలేదు. నేను మోశాను కాబట్టి చెబుతున్నాను, నువ్వు మొయ్యలేవు" అంటుంది. నాకు ఏం చెయ్యాలో తెలియడం లేదు. మా అమ్మ ఉంటే అడిగేదాన్ని. నువ్వే చెప్పాలి. పోయినసారిలా సముద్రం బాగుండాలని, పడవ ఆగి ఉండగానే నువ్వు చదివి జవాబు రాయాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. నీ ఉత్తరం వచ్చేదాకా ఆగుతాను.

నీ
మియెన్

మూ దీవి లైట్‌హౌస్
10 మే 2005

మియెన్,

నువ్వు ఒక్క మాటగా రాయమన్నావు. చాలా ఆలోచించాను. ఇక్కడ ఆలోచించడానికి తప్ప మిగతా అన్నిటికీ కొదవే.

అమ్మ చెప్పినట్టు చెయ్యి.

నీకు ఇష్టం లేదని తెలుసు. నేను పక్కన ఉంటే వేరేగా అనేవాడినేమో. కానీ ఇంత దూరం నుంచి నేనేం చూడగలను, ఏం పట్టుకోగలను? అమ్మ ఇలాంటివన్నీ అనుభవించిన మనిషి. ఆమె ఏ కారణం చేత అంటుందో నాకు తెలుసు, ఆ భయం ఉత్తినే వచ్చింది కాదు. మొండికెయ్యకు. నువ్వు లోపల్లోపల బాధపడతావు, కొన్నాళ్ళు నా మీద కోపంగా ఉంటావు. ఉండు. తర్వాత అంతా సర్దుకుంటుంది. ఫ్యాక్టరీ వాళ్ళకు నేను చెప్పానని చెప్పు.

ఈ నెల వానలు ఎక్కువ. వుంగ్ పెద్దాయనకు మోకాళ్ళు పట్టేశాయి, ఆయన వంతు కూడా నేనే మెట్లెక్కుతున్నాను. రాయడానికి చేతులు సహకరించడం లేదు. అందుకే ఇంత చిన్న ఉత్తరం.

లువాన్

హాయ్‌ఫాంగ్
24 మే 2005

బావా,

నువ్వు చెప్పినట్టే చేశాం. పద్దెనిమిదో తారీఖున.

నీ ఉత్తరం అందడానికి ముందు రోజే రెండోసారి రక్తం ఇచ్చి వచ్చాను. దాని ఫలితం జూన్‌లో గాని రాదట. ఆ పరీక్షకు సరిపడా మంది రక్తాలు పోగైతేనే యంత్రం తిప్పుతారు. డాక్టరమ్మ ఆగమంది. ఆగితే పదిహేడో వారం పడుతుంది, అప్పుడు పురుటి నొప్పులు పడి కనాల్సిందే అని కూడా తనే చెప్పింది. నేను నీ ఉత్తరం చూపించాను. "నిర్ణయం మీది" అని సంతకం పెట్టించుకుంది.

నీ మీద కోపంగా ఉంటానని రాశావు. ఉన్నాను. అంత చిన్న ఉత్తరమా బావా? "తర్వాత అంతా సర్దుకుంటుంది" అనా? ఆ పేజీని ఎన్నిసార్లు తిప్పి చూశానో. వెనక వైపు ఏమన్నా ఉంటుందేమోనని. బిడ్డ అనే మాట కూడా రాయలేదు నువ్వు. మోకాళ్ళ సంగతి రాశావు.

కానీ నువ్వు చెప్పావు కాబట్టి నాకు కాళ్ళు కదిలాయి, అది కూడా నిజం. నా అంతట నేను ఆ గేటు దాటలేకపోయేదాన్ని.

అత్తయ్య నన్ను పచ్చి బాలింతలా చూస్తోంది. చెవుల్లో దూది, కాళ్ళకు మేజోళ్ళు, చన్నీళ్ళు ముట్టకూడదు, మళ్ళీ కిటికీలు మూత. మిరియాలు, ఉప్పు వేయించి వండిన పంది మాంసం, వేడన్నం. అన్నీ బాలింతకు పెట్టేవే. వీధిలో వాళ్ళకు కాలు జారి పడ్డానని చెప్పింది. నిన్న నాకు పాలు వచ్చాయి. అత్తయ్య చూసి క్యాబేజీ ఆకులు వెచ్చచేసి తెచ్చి కట్టింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి వదిలేసింది, ఏడుపు నాకు వినబడకూడదని.

ఇక్కడ తురాయి పూలు విరగబూశాయట. ఎవరో చెప్పారు.

మియెన్

మూ దీవి లైట్‌హౌస్
9 జూన్ 2005

మియెన్, నా తల్లీ,

ఇది మే పదిన మొదలుపెట్టాను. ఇప్పుడు రాసింది కాదు.

ఆ రోజు పోటు. పడవ కొండ దగ్గరికి రాలేదు. మా ఉత్తరాల సంచీ బుట్టలో దించాం, మీ సంచీ లాగాం. నీ ఉత్తరం నేను విప్పేసరికి పడవ చుక్కంత అయిపోయింది. కిందికి పోయిన నా ఉత్తరం పల్లెకు వెళ్ళడం గురించి. జిగురు వాసన గురించి, బాతుల గురించి. నీకు తెలుస్తుందిలే. నా పద్ధతులన్నీ నీకు తెలుసు కదా. ఈ ఉత్తరం అందేదాకా ఆగి ఉంటావు.

నా జవాబు ఇది. ఉంచుకుందాం.

అన్నయ్య సంగతి అమ్మ చెప్పిన మాట అబద్ధం కాదు. కానీ అది అమ్మ వైపు నుంచి. నా వైపు నుంచి నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. అన్నయ్య చూడలేడని, వినలేడని నాకు ఆరేళ్ళు వచ్చేదాకా తెలియదు. పెద్దన్నయ్యలంటే అలాగే ఉంటారనుకున్నాను. నేను పక్కన కూర్చుంటే వాసన పట్టి గుర్తుపట్టేవాడు. నా అరచేతిలో వేలితో తట్టేవాడు, ఒకసారి తడితే ఆకలి, రెండుసార్లు అయితే బయటికి పోదాం, గబగబా తడితే నవ్వు. వాన పడితే చూరు కింద చెయ్యి చాపి నిలబడి అంతసేపూ నవ్వేవాడు. వాడు పోయాక ఏడాది పాటు నేను ఎడమ చెయ్యి మూసుకునే పడుకున్నాను. అమ్మ పిలిస్తే వాడు పలకలేదు, నిజమే. పిలవకుండా ముట్టుకుంటే పలికేవాడు. అమ్మకు పనులెక్కువ, యుద్ధం, ఒంటరి మనిషి. ఆమె తప్పని అనడం లేదు.

బిడ్డ ఎలా పుట్టినా నాకు పెంచడం తెలుసు మియెన్. నాకు ఒక్కడికే తెలుసు. నీకు నేర్పుతాను. ఒడ్డు మీద పని కావాలని అర్జీ రాసి ఇదే పడవలో పంపుతున్నాను. జీతం తక్కువ, అయినా రోజూ ఇంట్లో ఉంటాను.

వుంగ్ పెద్దాయనకు చెప్పాను. ఆయన, "రక్తం రెండోసారి చూస్తామన్నారు కదా, మొదటిసారి చూసినప్పుడే తెలిస్తే రెండోసారి ఎందుకు చూస్తారు" అన్నాడు.  ఆ రెండో ఫలితం కోసం నేను ఆగడం లేదు. ఏమొచ్చినా సరే.

అమ్మను నా దగ్గరికి వదిలెయ్యి. నేను మాట్లాడతాను.

నీ కడుపు మీద చెయ్యి పెట్టి రెండుసార్లు తట్టు, నేను చెప్పానని.

లువాన్

హాయ్‌ఫాంగ్
20 జూన్ 2005

బావా,

నీ ఉత్తరం పదమూడున వచ్చింది. నాది నీకు అదే పడవలో చేరి ఉంటుంది. కాబట్టి నువ్వు చదివే ఉంటావు. ఎలా చదివావో, ఎక్కడ కూర్చుని చదివావో నేను ఊహించుకోవడం మానేశాను.

నీ పద్ధతి నాకు తెలుసు. పైన తేదీ ఎప్పుడు వేస్తావో తెలుసు. ఆ మే ఉత్తరం విప్పినప్పుడు, "ఇది ముందు రాసిందేమో" అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. "ఫ్యాక్టరీ వాళ్ళకు చెప్పు" అన్న మాట దగ్గర ఆగాను. ఆగి, సెలవు పెట్టడం గురించేమో అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను బావా. ఒక్కదాన్నీ ఆలోచించి ఆలోచించి అలిసిపోయాను, ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పేస్తే చాలనిపించింది. నువ్వు చెప్పావు అనుకుంటే తేలికైంది. అందుకని నీ మీద వేసుకున్నాను.

రెండో రక్తం ఫలితం వచ్చింది. ఈసారి డాక్టరమ్మ చెప్పింది ఒక్క ముక్క వదలకుండా విన్నాను. నీకు కూడా విడమరిచి చెబుతాను, నాలాగా నువ్వు తప్పుగా అర్థం చేసుకోకూడదు.

జబ్బు అప్పుడే తగిలిన మనిషికి యాంటీబాడీలు వారాలు గడిచేకొద్దీ పెరగాలి. మొదటి రక్తంలో కొంచెం ఉంటే రెండో దానిలో నాలుగైదు రెట్లు ఉండాలి. పెరిగితే జబ్బు కొత్తది. పెరగకపోతే అవి ఎప్పుడో చిన్నప్పుడు జబ్బు వచ్చి పోయినప్పుడు మిగిలినవి, అవి తల్లినీ బిడ్డనీ కాపాడతాయి తప్ప చెరపవు. నావి పెరగలేదు. రెండు రక్తాలూ ఒకేలా ఉన్నాయి. కొత్త రకం కూడా మొదట ఎంత ఉందో అంతే ఉంది. అది నిజంగా ఈ జబ్బుదే అయితే కదలకుండా ఉండదట. ఒక్కోసారి ఇంకేదో చిన్న జబ్బు వచ్చినా ఆ పరీక్ష ఇది ఉందని చూపిస్తుందట. హనోయ్‌కు కూడా పంపి అడిగారు, వాళ్ళూ పాతదే అన్నారు. నా ఒంటి మీద పొక్కింది రుబెల్లా కాదు.

ఒకేలా ఉండడమే మంచిదట బావా. ఒకేలా ఉంటే బిడ్డకు ఏమీ లేనట్టే.

డాక్టరమ్మ ఇదంతా చెప్పి, "ఇక మీకు ఈ జబ్బు భయం జీవితంలో ఉండదు" అంది. పాపం, ఆవిడ మంచిదే. నేను థాంక్స్ చెప్పాను. మెట్ల దాకా వచ్చాక నేను ఏం చెప్పానో తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య గుమ్మంలో ఉంది. నువ్వు రాసిన అన్నయ్య సంగతులు ఆవిడకు చదివి వినిపించలేదు, ఎప్పటికీ వినిపించను. మే పద్దెనిమిది నుంచి ఆవిడ సరిగా తినడం లేదు. రోజూ సాయంత్రం ఒకటే ప్రశ్న, "రెండోది వచ్చిందా?" అని. నిన్న కూడా అదే అడిగింది. వచ్చింది అన్నాను. జబ్బు ఉన్న మాట నిజమే అత్తయ్యా, మీరు చెప్పింది సరైంది అన్నాను. ఆవిడ నేల మీద కూలబడి, "అయితే నేను పాపం చెయ్యలేదు" అని పెద్దగా ఏడ్చింది. ఆ తర్వాత లేచి అన్నం పెట్టుకుని తింది. రెండోసారి కూడా వడ్డించుకుంది.

కాబట్టి ఈ సంగతి తెలిసింది డాక్టరమ్మకు, నాకు. ఇప్పుడు నీకు. నీకు కూడా అబద్ధం రాద్దామని రెండు కాగితాలు పాడుచేశాను. నావల్ల కాలేదు. అంత బరువు ఒక్కదాన్నీ ఎత్తలేను. బరువులు ఎత్తొద్దన్నావు కదా.

వచ్చినప్పుడు మీ అమ్మ మొహం చూసి నీ మొహంలో ఏదీ కనబడనివ్వకు. అదొక్కటే అడుగుతున్నాను.

మియెన్

మూ దీవి లైట్‌హౌస్
8 జూలై 2005

మియెన్,

నీ మే ఇరవై నాలుగో తేదీ ఉత్తరం పడవ వెళ్ళాక చదివాను. నేను రాసిన ఉత్తరం అదే పడవలో నీ దగ్గరికి బయల్దేరిపోయింది. ఆపడానికి వీల్లేదు. రేడియో గదిలోకి వెళ్ళి నిలబడ్డాను, కానీ ఏం చెప్పను, ఎవరితో చెప్పను.

 నీ మీద కోపం వచ్చింది. అమ్మ మీద వచ్చింది. బుట్ట మీద, సముద్రం మీద, పెద్దాయన పెట్టిన తేదీల పద్ధతి మీద వచ్చింది. ఆయన మీద అరిచాను కూడా.  ఆ రోజు నుంచి ఆయన తన ఉత్తరాలకు రాయడం మొదలైన రోజే తేదీ వేస్తున్నాడు, నాకు చూపించకుండా.

ఇప్పుడు నెమ్మదించాను. నిజంగానే. నీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. నేను రాసిన ఆ ఉత్తరం చించెయ్యి. దూరంగా కూర్చున్నవాడు ఏదైనా రాస్తాడు. ఉంచుకుందాం అనడం నాకు తేలిక, కనేది నువ్వు, చూసేది అమ్మ. అన్నయ్య గురించి నాకు మంచివే గుర్తున్నాయి. చివరి ఏడాది వాడి గుండె ఎలా కొట్టుకునేదో, రాత్రుళ్ళు గాలి అందక ఎలా లేచి కూర్చునేవాడో అవి నేను రాయలేదు. అవి గుర్తు తెచ్చుకున్నాను. ఆ బాధ మన బిడ్డ పడకుండా చేశావు. రక్తం అబద్ధం చెప్పదు కదా. ఒక రకం కాదు, రెండు రకాలూ ఉన్నాయన్నారు. అప్పుడు ఇంకేం చెయ్యగలం? నేను రాసిన మాట పల్లె గురించే అయినా, దేవుడే ఆ బుట్టలో పెట్టి పంపాడనుకుంటాను. అమ్మకు చెప్పు, ఆమె తప్పు లేదని లువాన్ అన్నాడని.

ఒడ్డు మీద పని అర్జీ వెనక్కి తీసుకోలేదు. ఇస్తే చేస్తాను. నువ్వు ఉన్నావు కదా ఇంట్లో.

ఈ రోజు కూడా పోటుగానే ఉంది, పడవ దగ్గరికి రాదు. నీ ఉత్తరం పైకొచ్చేలోపు ఇది కిందికి పోతుంది. అందులో రెండో రక్తం సంగతి రాసి ఉంటావు. దాని గురించి దిగులు పెట్టుకోకు. అది కూడా మొదటి దానిలాగే ఉంటుంది, చూడు. రెండూ ఒకేలా ఉన్నాయని నీ చేత్తో రాసింది ఒక్కసారి చదివితే చాలు, నా మనసు కుదుటపడుతుంది.

లువాన్